ఎల్పీఎన్ కూడా లైసెన్సున్న నర్సే, ఆ సంగతి ముందు ఒప్పుకోండి

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ ఫంక్షన్లలో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అంటే "ఎల్పీఎన్‌ని, నర్సింగ్ హోమ్‌లో చేస్తాను" అని చెప్తాను. ఎల్పీఎన్ అంటే లైసెన్స్డ్ ప్రాక్టికల్ నర్స్. వెంటనే వచ్చే మాట, "ఓ, అయితే అసలు నర్సు కాదన్నమాట." ఈమధ్య ఒకావిడ ఇంకాస్త ముందుకెళ్ళి, "పెద్దవాళ్ళకి స్నానాలు చేయించడమేగా, దానికి లైసెన్సెందుకు?" అంది. స్నానం చేయించడం తక్కువ పని అని నేనెప్పుడూ అనుకోను. ఆ పని చేసే సీఎన్ఏలు, అంటే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్లు, లేకపోతే ఏ నర్సింగ్ హోమూ ఒక్క పూట నడవదు. కానీ ఎవరి బాధ్యత ఏమిటో తెలుసుకోకుండా నోటికొచ్చినట్టు తేల్చేస్తుంటే ఊరుకోబుద్ధి కావట్లేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు.

ముందు చదువు సంగతి. సీఎన్ఏకి ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. ఎల్పీఎన్‌కి హైస్కూల్ లేదా దానికి సమానమైన జీఈడీ అయ్యాక, స్టేట్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ఆమోదించిన కోర్సు దాదాపు ఏడాది చదవాలి. అనాటమీ, ఫార్మకాలజీ, పిల్లల నర్సింగ్, కాన్పుల నర్సింగ్, మానసిక ఆరోగ్యం అన్నీ అందులోనే ఉంటాయి, పైన రోగుల దగ్గర చేసే క్లినికల్స్. అది అయ్యాక ఎన్‌క్లెక్స్-పీఎన్ అనే లైసెన్సు పరీక్ష. మన జవాబుల్ని బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్న ఎంచుకుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది, 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటల సమయం. బట్టీ కొడితే పాసయ్యే పరీక్ష కాదది. రోగి పరిస్థితి మొత్తం చెప్పి, ముందు ఎవర్ని చూస్తావు, ఏం చేస్తావు అని అడుగుతుంది. అది పాసయ్యి, నేర చరిత్ర తనిఖీ కూడా పూర్తయితేనే లైసెన్సు చేతికొస్తుంది. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఇదే ఉద్యోగాన్ని ఎల్వీఎన్ అంటారు.

ఇక పని. పొద్దున్నే మెడ్ కార్ట్, అంటే మందుల బండి, తోసుకుంటూ గది గదికీ వెళ్ళి మాత్రలిచ్చి వస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఒక్క గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. పెద్దాయనకి గుండె మందు డిగాక్సిన్ ఉంది. అది ఇచ్చే ముందు స్టెతస్కోప్ ఛాతీ మీద పెట్టి, గడియారం చూస్తూ నిండు నిమిషం గుండె కొట్టుకోవడం లెక్కపెట్టాలి. 60 కన్నా తక్కువ వస్తే మందు ఆపి, చార్టులో రాసి, డాక్టరుకి ఫోన్ చేయాలి. అదే గదిలో పక్క మంచం ఆవిడకి ఇన్సులిన్. షుగర్ చూస్తే సరిపోదు, టిఫిన్ ట్రే వచ్చిందా లేదా అన్నదీ చూసుకోవాలి. త్వరగా పనిచేసే ఇన్సులిన్ పొడిచేశాక వంటింట్లో అరగంట ఆలస్యమైతే ఆవిడ షుగర్ పడిపోతుంది. ఆవిడకే మింగడం కష్టం, మాత్రలు నూరి ఆపిల్‌సాస్‌లో కలిపిస్తాం. అందులో ఒకటి రోజంతా నెమ్మదిగా కరిగే మాత్ర అనుకోండి, దాన్ని నూరితే రోజంతటి మోతాదూ ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. ఇవన్నీ గుర్తుపెట్టుకోవాల్సింది బండి దగ్గర నిలబడ్డ మనిషే. "డాక్టరు రాశారు, నేనిచ్చాను" అంటే బోర్డు ముందు చెల్లదు.

ఇవి కాక పడక పుండ్లకి డ్రెస్సింగులు, యూరిన్ కాథెటర్లు, ట్యూబ్ ఫీడింగులు, ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతులో చేసిన రంధ్రం) ఉన్నవాళ్ళకి సక్షన్, సీఎన్ఏల పని చూసుకోవడం, కుటుంబాలకి ఫోన్లు. షిఫ్ట్ మారేటప్పుడు తాళంలో ఉండే మార్ఫిన్‌లాంటి మందుల్ని ఇద్దరు నర్సులం కలిసి లెక్కపెట్టి సంతకాలు పెడతాం. ఒక్క మాత్ర తేడా వచ్చినా తేలేదాకా ఎవరూ కదలడానికి లేదు.

మాకు హద్దులున్నాయి, దాచాల్సిన పనేం లేదు. కొత్త పేషెంటు వస్తే మొదటి పూర్తి అసెస్‌మెంట్, కేర్ ప్లాన్ ఆర్ఎన్‌ల, అంటే రిజిస్టర్డ్ నర్సుల బాధ్యత. మేం చూసింది, గమనించింది వాళ్ళకి చెప్తాం. ఐవీలో (నరంలోకి పెట్టిన గొట్టంలో) నేరుగా మందు ఎక్కించడం, రక్తం ఎక్కించడం చాలా రాష్ట్రాల్లో మాకు లేదు. కొన్నిచోట్ల ఐవీ కోర్సు విడిగా చేస్తే కొంతవరకు ఒప్పుకుంటారు. ఆర్ఎన్‌ల చదువు లోతు వేరు, వాళ్ళంటే నాకు గౌరవం. అంతమాత్రాన మేం నర్సులం కాకుండా పోం.

చాలామందికి తెలియంది ఇంకోటి ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం నర్సింగ్ హోమ్‌లో లైసెన్సున్న నర్సు 24 గంటలూ ఉండాలి. ఆర్ఎన్ మాత్రం రోజుకి వరుసగా 8 గంటలుంటే చాలు. రాష్ట్రాలు ఇంతకన్నా ఎక్కువ అడగొచ్చు. దాని అర్థమేంటంటే, ఎన్నో చోట్ల రాత్రి రెండింటికి ఎవరికైనా ఊపిరి ఆడకపోతే ముందు పరిగెత్తేదీ, 911కి చేయాలా వద్దా అని నిర్ణయించేదీ ఎల్పీఎనే. నేను చేసిన ఒకచోట రాత్రిళ్ళు ఒక్కదాన్నే ముప్పై మందిని చూసుకునేదాన్ని. ఇంకొకర్ని వేయమని అడిగితే "బడ్జెట్ లేదు" అన్నారు. దీని మీద నాకు ఈరోజుకీ కోపమే. మనిషిని ఇవ్వరు, పొరపాటు జరిగితే మాత్రం లైసెన్సు పోయేది మాది. జీతం చూస్తే, 2023లో ఎల్పీఎన్‌ల మీడియన్ (అందరి జీతాల్లో సరిగ్గా మధ్యది) ఏడాదికి 59,730 డాలర్లు, ఆర్ఎన్‌లది 86,070. తేడా ఉండాలి, కాదనను. కానీ రాత్రంతా బిల్డింగ్ మొత్తం మా నెత్తిన పెట్టేటప్పుడు ఆ తేడా ఎవరికీ గుర్తుకు రాదు.

డిపెండెంట్ వీసా మీద వచ్చిన చెల్లెళ్ళు ఇన్‌బాక్స్‌లో అడుగుతుంటారు, "ఏడాదే కదా అక్కా, చేసేయనా?" అని. చెయ్యండి తల్లీ, మంచి ఉద్యోగం. ఆ హెచ్4 వీసా మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చేయాలంటే మాత్రం ఈఏడీ అనే పని అనుమతి కావాలి. దానికి సాధారణంగా మీ ఆయన గ్రీన్‌కార్డుకి కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉండాలి, అది ముందు చూసుకోండి. కాలేజీకి బోర్డు ఆమోదం ఉందా, వాళ్ళ విద్యార్థులు ఎన్‌క్లెక్స్‌లో ఎంతమంది పాసవుతున్నారు అన్నదీ కనుక్కోండి. తర్వాత ఆర్ఎన్ అవడానికి బ్రిడ్జ్ కోర్సు చేసే ఉద్దేశముంటే ఈ క్రెడిట్లు అక్కడ తీసుకుంటారా అని ఫీజు కట్టకముందే అడగండి. కొన్ని ప్రైవేటు స్కూళ్ళవి తీసుకోరు.

ఇండియాలో జీఎన్ఎం, ఏఎన్ఎం నర్సింగ్ కోర్సులు చేసినవాళ్ళకి ఇంకా గట్టిగా చెప్తున్నాను. "ఎల్పీఎన్‌గా అమెరికా పంపిస్తాం" అని ఎవరైనా లక్షలు అడిగితే ఆగండి. గ్రీన్‌కార్డు దారిలో ఆర్ఎన్‌లకి షెడ్యూల్ ఏ అనే జాబితా ఉంది, కంపెనీ విడిగా లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి ఇక్కడ మనుషులు దొరకలేదని కార్మిక శాఖ ఇచ్చే పత్రం) తెచ్చుకోనక్కర్లేదు. ఆ జాబితాలో ఎల్పీఎన్‌లు లేరు. హెచ్1బీకి డిగ్రీ అవసరమయ్యే ఉద్యోగం కావాలి, ఇది ఆ లెక్కలోకి రాదు. మూడేళ్ళ జీఎన్ఎం చేసినవాళ్ళయితే సర్టిఫికెట్లు మూల్యాంకనం చేయించుకుని ముందు ఆర్ఎన్ దారి తెరుచుకుంటుందేమో చూసుకోండి. పొలం తాకట్టు పెట్టేది ఆ తర్వాత ఆలోచించొచ్చు.

ఇక్కడున్నవాళ్ళకి చివరగా ఒకటి. అమ్మకో నాన్నకో తుంటి ఆపరేషనయ్యి రిహాబ్‌లో చేర్చాల్సి వస్తే, ప్రతి షిఫ్ట్‌లో వాళ్ళ నర్సెవరో పేరు అడగండి. అది ఎల్పీఎన్ అయితే మొహం చిట్లించకండి, ఆమెకే అన్నీ చెప్పండి. ముఖ్యంగా ఇండియా నుంచి తెచ్చుకున్న మందులు. పెద్దవాళ్ళ హ్యాండ్‌బ్యాగ్‌లో డోలో 650 ఉంటుంది, నొప్పి అనగానే ఒకటి వేసుకుంటారు. మేమేమో చార్టు ప్రకారం టైలెనాల్ ఇస్తాం. రెండూ ఒకటే మందు. రోజుకి రెండు రెట్లు పడుతుందని వాళ్ళకీ తెలియదు, మాకూ తెలియదు, దెబ్బ పడేది లివర్ మీద. ఎకోస్ప్రిన్ సంగతీ అంతే, అది ఆస్పిరినే. రక్తం పల్చబడే మందుతో కలిస్తే ప్రమాదం. ఆ సంచి మొత్తం మొదటి రోజే నర్సు ముందు పెట్టండి, స్ట్రిప్పుల మీద పేర్లు ఆమెతో రాయించండి, మిగిలినవి ఇంటికి పట్టుకుపోండి.