ఫ్రాన్సిస్ అంటే పిచ్చుకలేనా?

అక్టోబర్ 4 వచ్చిందంటే చాలు, పదమూడో శతాబ్దపు ఇటలీలో పేదరికమే వ్రతంగా ఫ్రాన్సిస్కన్ సోదరుల సభని మొదలుపెట్టిన అస్సీసి పునీత ఫ్రాన్సిస్ పండుగ పేరుతో అందరూ పెట్టేది ఒకటే బొమ్మ. మట్టిరంగు అంగీ, భుజం మీద పావురం, కాళ్ల దగ్గర బుద్ధిగా కూర్చున్న తోడేలు, కింద "ప్రభువా, నన్ను నీ శాంతి సాధనంగా చేయుము". ఆ ప్రార్థన ఆయన రాసింది కాదండీ. 1912లో పారిస్‌లో ఓ చిన్న పత్రికలో, రాసినవాళ్ల పేరు లేకుండా అచ్చయింది. మంచి ప్రార్థనే, చదువుకోండి. కానీ ఆయన నిజంగా చెప్పి రాయించింది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ షేర్ చేయరు, నా బాధంతా అదే.

1226లో, చావుకి కొద్దిరోజుల ముందు రాయించిన వీలునామా అది. అందులో పక్షుల ఊసే లేదు, కుష్ఠురోగులున్నారు. ఒకప్పుడు వాళ్లని చూడాలంటేనే చేదుగా ఉండేదని, దేవుడే తనని వాళ్ల మధ్యకి తీసుకెళ్లాడని, ఆ చేదే తీపిగా మారిందని మొదలుపెడతాడు. చేతులతో పని చేయండి, కూలి ఇవ్వకపోతే ఇంటింటికీ వెళ్లి అడుక్కోండి అంటాడు. మన కోసం కట్టిన గుడైనా ఇల్లైనా పేదరికానికి తగ్గట్టు లేకపోతే తీసుకోవద్దంటాడు. పైగా, నా మాటలకి వ్యాఖ్యానాలు రాయొద్దని కూడా చెప్పి మరీ పోయాడు, మనుషుల సంగతి బాగా తెలిసినవాడు.

ఏం జరిగింది? 1228 జులైలో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు, ఆ వెంటనే అస్సీసిలో పెద్ద బసిలికాకి, అంటే ఆయన సమాధి ఉన్న చర్చికి, పోపు 9వ గ్రెగరీ స్వయంగా పునాదిరాయి వేశారు. 1230లో అదే పోపు, ఆ వీలునామాకి ఆయన సభలోని సోదరులు కట్టుబడక్కర్లేదని తేల్చేశారు. బసిలికా గోడల మీది చిత్రాలు అద్భుతం, కాదనను, కానీ అవి ఎవరి సమాధి మీద ఉన్నాయో ఒక్కసారి ఆలోచించండి. బాగా డబ్బున్న బట్టల వ్యాపారి కొడుకై ఉండి, బిషప్ ఎదుటే ఒంటి మీది బట్టలన్నీ విప్పి తండ్రికి ఇచ్చేసిన మనిషి. ఒక సోదరుడు నాణేన్ని చేత్తో ముట్టుకున్నాడని, దాన్ని నోటితో తీసుకెళ్లి గాడిద పేడ మీద పెట్టమన్నాడని ఆయన జీవిత చరిత్ర రాసిన సెలానో తోమాసు చెప్తాడు. నాకు, ఊరిని భయపెట్టిన తోడేల్ని ఆయన మచ్చిక చేశాడనే కథ కంటే ఈ కథే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. తోడేలు కథ దొరికేది ఆయన పోయాక సుమారు వందేళ్లకి వచ్చిన పుస్తకాల్లో. పక్షులకి బోధించిన కథ మాత్రం పాతదే, సెలానో మొదటి పుస్తకంలోనే ఉంది.

ఆ సెలానో పుస్తకాలకి పట్టిన గతి కూడా వినండి. 1266లో పారిస్‌లో కూడిన ఫ్రాన్సిస్కన్ పెద్దలు, అప్పటి సభాధిపతి బొనవెంచర్ రాసిన కొత్త చరిత్ర ఒక్కటే ఉండాలి, పాతవన్నీ నాశనం చేయండి అని ఆజ్ఞ వేశారు. సొంత గురువు గురించి, ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు చెప్పిన కథల్ని! ఏవో కొన్ని మఠాల్లో ప్రతులు మిగలబట్టి మనకి దక్కాయి.

వేలమంది ఉన్న సంస్థ అడుక్కుని ఎలా నడుస్తుంది, బడులూ ఆసుపత్రులూ గాల్లోంచి వస్తాయా అని మా విచారణలోనే, అంటే మా చర్చి సంఘంలోనే, ఒకాయన నాతో వాదించారు. నిజమే, ఆ ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆ రోజుల్లో సోదరులు కూడా ఇదే గొడవ పడ్డారు. అంగీలు కురచగానే ఉండాలి, ధాన్యం, ద్రాక్షారసం కొట్లలో నిలవ చేయకూడదు అని కొందరు పట్టుబట్టారు. పేదరికం కంటే విధేయతే గొప్పదని పోపు 22వ జాన్ అన్నారు. అయినా వినని నలుగుర్ని 1318లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ ఊళ్లో సజీవ దహనం చేశారు. నిబంధన మరీ కఠినంగా ఉంటే మార్చుకోండి, మీ ఇష్టం. ఆయన చెప్పింది చెప్పినట్టే చేస్తామన్నవాళ్లని కాల్చడం ఎందుకు?