గోడ మీది నెమలి ఎవరిది?

సంక్రాంతి సెలవులు ముగియగానే విశాఖపట్నంలో చిన్నపిల్లల బడుల ప్రవేశాల సందడి మొదలవుతుంది. గాజువాక నుంచి మధురవాడ దాకా కరెంటు స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీల మీద కొంతకాలం కిందటి వరకు అబాకస్, ఫోనిక్స్, ఐఐటీ ఫౌండేషన్ అనే మాటలే కనిపించేవి. ఇప్పుడు వాటి సరసన రంగుల కుంచె, కాలి గజ్జెలు, బంకమట్టి బొమ్మలు కూడా చేరాయి. కళలే తమ చదువుకు కేంద్రమని చెప్పుకునే కిండర్‌గార్టెన్లు నగరంలో ఒకటొకటిగా తెరుచుకుంటున్నాయి. మధురవాడలో ఉంటూ ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే మిత్ర దంపతులు తమ మూడున్నరేళ్ళ కూతురి కోసం అటువంటి బడి కరపత్రం ఒకటి తెచ్చి నా ముందుంచి సలహా అడిగారు. నేను చదవడం పూర్తిచేసేలోగా పిల్ల నాయనమ్మ అందుకున్నారు: “పాటలూ బొమ్మలూ మనింట్లో లేవేటి బాబూ? ఆటికోసం లచ్చ రూపాయలు కట్టాలేటి?” పిల్ల తండ్రి బెంగ వేరు. ఆటపాటలతో రెండేళ్ళు గడిపేసిన పిల్ల, రాయడం చదవడం రాక ఒకటో తరగతిలో వెనకబడితే ఎలాగని ఆయన ఆలోచన. కరపత్రంలోని మాటలకన్నా ఈ రెండు ప్రశ్నలే నాకు బరువైనవిగా తోచాయి.

చిన్నపిల్లల బడికి కళ అదనపు హంగా, లేక కనీస బాధ్యతా అన్నది ముందుగా తేల్చుకోవాలి. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఉన్న వయసును ఒకే పునాది దశగా గుర్తించింది. దానికి అనుగుణంగా 2022 అక్టోబరులో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం శరీర, మేధో, భాషా వికాసాల సరసనే సౌందర్య, సాంస్కృతిక వికాసాన్ని కూడా లక్ష్యంగా పెట్టింది. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు పరీక్షలు ఏమాత్రం తగవని స్పష్టంగా చెప్పింది. అంటే వీధి చివరి అంగన్‌వాడీ మొదలుకొని ఏసీ గదుల బడి దాకా ప్రతి ఒక్కటీ చేయవలసిన పనినే కొందరు తమ ప్రత్యేకతగా చెప్పుకుని దానికి వేరే ధర కడుతున్నారు. ఆలోచన కూడా కొత్తదేమీ కాదు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త ఆట, పాట, చేతిపని పునాదిగా నెలకొల్పిన బడే తరువాత కిండర్‌గార్టెన్ అనే పేరు తెచ్చుకుంది. మన దేశంలో 1920లో భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా ప్రారంభించిన బాలమందిరం కథను, పాటను, నాటకాన్ని పిల్లల చదువులోకి తెచ్చింది. కాబట్టి నాయనమ్మగారి ప్రశ్నలో సగం న్యాయం ఉంది.

ఇక కరపత్రం సంగతి. సంగీతం వింటే పిల్లల మెదడు చురుకవుతుందనీ తెలివితేటలు పెరుగుతాయనీ అందులో పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. ఈ నమ్మకానికి మూలం 1993లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక చిన్న నివేదిక. అందులో పాల్గొన్నవారు 36 మంది కాలేజీ విద్యార్థులు. పది నిమిషాలు మొజార్ట్ సంగీతం విన్న తరువాత ఆకారాలను ఊహించే ఒక రకం ప్రశ్నలలో వారికి కొద్దిగా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ ప్రభావం పది పదిహేను నిమిషాలకు మించి నిలవలేదు. చంటిపిల్లల ఊసు ఆ పరిశోధనలో లేనే లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇవ్వాలని ప్రతిపాదించేదాకా ఆ మాట పాకింది. పాతికేళ్ళు దాటాక ఇప్పుడు మన వీధి కరపత్రాలలోకి వచ్చింది. లెక్కలు బాగా రావడానికి పాట, ర్యాంకు రావడానికి బొమ్మ అని చెప్పే బడికి పాట మీదా బొమ్మ మీదా నిజంగా గురి ఉన్నట్టు నాకు తోచదు.

కళ చిన్నపిల్లలకు చేసే మేలు అంతకన్నా సాదాగా, కంటికి కనిపించేదిగా ఉంటుంది. చేతినే తీసుకోండి. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తని మృదులాస్థిగానే ఉండి, ఏళ్ళ తరబడి ఒకదాని తరువాత ఒకటిగా గట్టిపడతాయి. మూడు నాలుగేళ్ళ పిల్లల చేతిని ఎక్స్‌రే తీస్తే వాటిలో సగమో, అంతకన్నా తక్కువో కనిపిస్తాయి. మొత్తం ఎనిమిదీ కనిపించాలంటే పన్నెండేళ్ళ వయసు దగ్గరపడాలి. అటువంటి చేతికి పెన్సిలు ఇచ్చి నాలుగు గీతల కాపీలో పేజీలకు పేజీలు నింపమనడం కన్నా మట్టి పిసకనివ్వడం, కాగితం చింపి అతికించనివ్వడం, గోడంత కాగితం మీద భుజం కదిలేలా గీయనివ్వడం మేలు. ఇక్కడ తెలుగు పిల్లలకు సంబంధించిన విషయం ఇంకొకటుంది. మన నర్సరీలలో మొదటి పాఠం స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు అవి పనికొస్తాయి. తెలుగు అక్షరాలలో మాత్రం నిలువు గీత దాదాపు కనిపించదు; అన్నీ సున్నాలు, కొక్కేలు, మెలికలే. బియ్యంలో వేలితో ఓనమాలు దిద్దించిన పెద్దలకు, వాకిట్లో మెలికల ముగ్గు పెట్టిన అమ్మలకు చేతి వంపు సంగతి తెలుసు. చుక్కల చుట్టూ సుద్దముక్క తిప్పడం అలవాటైన పిల్లకు ‘అ’ దిద్దడం పెద్ద కష్టం కాదు.

చెవి విషయమూ అంతే. చెమ్మచెక్క ఆడే పిల్ల మాటను ముక్కలుగా విని, ఒక్కొక్క ముక్కకూ చేయి తడుతుంది. ఒకేలా ముగిసే మాటలను గుర్తుపట్టడం, మాటలోని ధ్వనులను విడదీసుకోవడం చదవడానికి తొలిమెట్లు. అక్షరాలకూ ధ్వనులకూ జత కలపడాన్ని ఫోనిక్స్ పేరుతో వేరే ఫీజు వసూలు చేసి నేర్పుతారు, దానికి పునాది ఇదే.

ఇంతవరకు ఒప్పుకుంటే నాయనమ్మగారి ప్రశ్నలోని మిగతా సగం ముందుకొస్తుంది. ఇవన్నీ ఇంట్లో ఉన్నవే అయితే బడి ఎందుకు? ఉన్నాయి, కానీ పెంకుటింటి అరుగు మీద, పక్కింటి పిల్లల మధ్య ఉండేవి. ఏడో అంతస్తు ఫ్లాటులో, తల్లిదండ్రులు రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే కుటుంబంలో పిల్ల చేతిలో సుద్దముక్క కన్నా ఫోనే ఎక్కువసేపు ఉంటోంది. చెమ్మచెక్కకు కనీసం రెండు జతల చేతులు కావాలి. ఆ రెండో జత చేతుల కోసమే బడి. ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ కాదనలేదు, ఔననీ అనలేదు.

ఆ దంపతులతో కలిసి నేనూ ఒక బడికి వెళ్ళాను. ప్రిన్సిపాల్ గది బయటి గోడ నిండా నెమళ్ళు. ముప్ఫై నెమళ్ళూ ఒకే కొలతలో, ఒకే నీలం రంగులో, ప్రతి పింఛంలోనూ ఏడేసి కళ్ళతో ఉన్నాయి. నాలుగేళ్ళ పిల్లలు మనిషిని గీస్తే పెద్ద గుండ్రటి తల, ఆ తల నుంచే నేరుగా దిగిన రెండు కాళ్ళు ఉంటాయి, మొండెం గుర్తురాదు. ప్రపంచంలో చాలాచోట్ల పిల్లలు ఆ వయసులో ఇలాగే గీస్తారని బాలల చిత్రాలను పరిశీలించినవారు చెబుతారు. అటువంటి ముప్ఫై జతల చేతులు ఒకేలాంటి నెమలిని గీయలేవు. ముందే కత్తిరించిన ముక్కలను మిస్ చూపినచోట అతికించి ఉంటారు. ఆయాలు అంచులు సరిచేసి ఉంటారు. ఆ గోడ తల్లిదండ్రుల కోసం. పిల్లలకు దానితో పని లేదు. ఆర్ట్ బడి అవునో కాదో తేల్చుకోవడానికి నాకు తెలిసిన సులువైన దారి ఆ గోడే: ఒక్కో కాగితం ఒక్కో రకంగా ఉందా, అందులో ఏముందో పిల్లనడిగితే తడుముకోకుండా చెబుతుందా, చెప్పిన మాటను ఎవరైనా కాగితం కింద రాసి ఉంచారా.

యాన్యువల్ డే గురించి కూడా ఒక మాట చెప్పాలి. నవంబరు నుంచి రెండు నెలలు రిహార్సళ్ళు, అద్దెకు తెచ్చిన జరీ దుస్తులు, రికార్డు పాట, వేదిక కింద నిలబడి చేతులు ఊపే టీచరు, ముందు వరసలో ఫోన్లు ఎత్తిపట్టిన మనం. దీన్నే కళ అనుకుంటే పిల్లకు మిగిలేది మెప్పు కోసం చేసే పని. 1973లో అమెరికాలో మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలతో జరిపిన ఒక ప్రయోగం ఇక్కడ ప్రస్తావించదగినది. బొమ్మలు గీయడమంటే ముందునుంచే ఇష్టమున్న పిల్లలను ఎంచుకొని, గీస్తే బంగారు నక్షత్రమున్న ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందుగానే చెప్పారు. కొందరికి చెప్పకుండా గీశాక ఇచ్చారు. కొందరికి అసలేమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత బడిలో ఎవరికి నచ్చింది వారు చేసుకునే వేళ గమనిస్తే, బహుమతి ఆశించి గీసిన పిల్లలు మిగతావారు గీసినంతలో దాదాపు సగం సేపే గీశారు. నెలకొక డ్రాయింగ్ పోటీ, ప్రతి శుక్రవారం స్టార్ ఆఫ్ ది వీక్ పెట్టే బడి తనకు తెలియకుండానే పిల్లలకు బొమ్మల మీదున్న ఇష్టాన్ని తరిగించేస్తోందేమో ఆలోచించుకోవాలి.

శిక్షణకూ దీనికీ తేడా ఉంది. విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా సంగీత కళాశాల వెలసిన ప్రాంతం మనది. సాధన అంటే ఏమిటో ఇక్కడివారికి ఒకరు చెప్పనవసరం లేదు. ఆ సాధనకు వయసు వస్తుంది. మూడేళ్ళ పిల్ల చేత మోకాళ్ళు వంచి నిలిచే అరమండి వేయించి, తప్పితే మందలించే చోటు నృత్య పాఠశాల కావచ్చు గానీ కిండర్‌గార్టెన్ కాదు.

ఈ నగరానికున్న వనరులను చూస్తే మాత్రం బడులు వాటిని వాడుకోకపోవడం వింతగా ఉంటుంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కకు చెట్ల నుంచి తీసిన రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బొంగరాలు, లక్కపిడతలు అలా చెట్ల రంగులతో తయారయ్యే ఆటవస్తువులు. ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, దూరం కూడా ఎక్కువేమీ కాదు. అరకు వైపు థింసా నాట్యం ఉంది. ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకుని అడుగు కలపడం నాలుగేళ్ళ పిల్లలకు మహా సరదా. వాద్యం వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ళు ఉన్నాయి. అన్నిటికీ మించి సముద్రం ఉంది, తడి ఇసుక ఉంది. కానీ మేము చూసిన మూడు బడులలోనూ కనిపించినవి ప్లాస్టిక్ అచ్చులు, చెంకీలు, ఇంగ్లీషు రైములు. ఒక బడిలో ఇంగ్లీషులో తప్ప మాట్లాడకూడదనే నియమం కూడా ఉంది. తాను గీసిన పడవ గురించి, దాంట్లో కూర్చున్న తాతయ్య గురించి పిల్ల ఎంతో చెప్పాలనుకుని, వచ్చిన భాషలో చెప్పనివ్వక, రాని భాషలో చెప్పలేక ‘బోట్’ అని ఊరుకుంటే ఆ బొమ్మ సగంలోనే ఆగిపోయినట్టు. వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధించాలని విద్యావిధానం చెబుతున్నది ఊరికే కాదు.

ఫీజు ఎంతన్నది ఎవరి ఇంటి లెక్క వారిది, నేను వ్యాఖ్యానించను. దూరం మాత్రం అందరికీ ఒకటే. మధురవాడ నుంచి సిరిపురం వైపు రానుపోను వ్యానులో గంటన్నరకు పైగా కూర్చునే పిల్లకు అక్కడ ఎంత మంచి కుంచె ఇచ్చినా, ఇంటికొచ్చాక నిద్ర తప్ప మరో ధ్యాస ఉండదు. నడిచి వెళ్ళే దూరంలో ఓపికున్న టీచరు, ఇరవై మందికి మించని తరగతి, కాస్త మట్టి ఉన్న ఆవరణ దొరికితే, బోర్డు మీద ఆర్ట్ అనే మాట లేకపోయినా అదే నా ఎంపిక.

చివరికి తండ్రి బెంగ మిగిలింది. అది అకారణమని అనలేను. ఒకటో తరగతికి వెళ్ళగానే పేరాలు రాయించే, ఇరవై దాకా ఎక్కాలు అప్పజెప్పించే బడులు ఈ ఊళ్ళో ఉన్నాయి. బొమ్మల బడి నుంచి అక్కడికి వెళ్ళిన పిల్ల మొదటి ఏడాది నలిగిపోవచ్చు. కానీ ఆ తప్పు బొమ్మల బడిదా? ఒకటో తరగతిలో చేరడానికి ఆరేళ్ళు నిండాలని కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు మరోసారి రాసింది. ప్రవేశానికి పిల్లలనుగానీ తల్లిదండ్రులనుగానీ పరీక్షించి వడపోయడాన్ని 2009 విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ నిషేధించింది. మొదటిసారి ఉల్లంఘిస్తే 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా కూడా ఉంది. చట్టం ఇలా ఉండగా, లేని పరీక్షకు భయపడి మనం మూడున్నరేళ్ళ పిల్ల చేత కాపీలు నింపిస్తున్నాం. పరీక్ష పెట్టే బడి మాత్రం దానికి ‘ఇంటరాక్షన్’ అని పేరు మార్చి నిశ్చింతగా ఉంది.

అందుకే ఆ దంపతులకు వరుస తిరగేసి చూడమని చెప్పాను: ముందు ఒకటో తరగతి బడిని ఎంచుకోండి, కిండర్‌గార్టెన్ తరువాత. వారు ఆ వారంలోనే ఇంటికి దగ్గరలోని మూడు బడులకు ఫోను చేసి, ఆరేళ్ళు నిండాక ఒకటో తరగతిలో చేర్చడానికి పిల్లకు ఏమేమి వచ్చి ఉండాలని అడిగారు. ఒక బడి ఇంగ్లీషు వాక్యాలు చదవడం, వందదాకా అంకెలు రాయడం అంది. ఇంకొకటి, పిల్లతో చిన్న ఇంటరాక్షన్ ఉంటుందంది. మూడో బడి జనన ధ్రువపత్రం, ఆధార్ జిరాక్సు తెమ్మంది, అంతే. ఆ మూడోదాని పేరును కాగితం మీద అన్నిటికన్నా పైన రాసుకున్నారు. వచ్చే మంగళవారం నాయనమ్మ కూడా వాళ్ళతో కలిసి కిండర్‌గార్టెన్లు చూడటానికి బయలుదేరుతున్నారు, గోడలు తానే చూస్తానని.