పొట్టి స్పెల్లింగులను తిట్టి లాభం లేదు

ఎంఎస్‌కు అమెరికా వచ్చిన మన పిల్లల ఇంగ్లిష్ రాత గురించి మాటొస్తే, చాలామంది నేరమంతా వాట్సాప్ పొట్టి స్పెల్లింగుల మీదకు తోసేస్తారు. అవి అసైన్‌మెంట్లలోకి వచ్చేది తక్కువ. వచ్చినా స్పెల్‌చెక్ పట్టేస్తుంది. అది పట్టలేని లోటు వేరే ఉంది.

చాట్‌లో అవతలివాళ్లకు సంగతి ముందే తెలుసు. తెలియకపోతే మరుక్షణం అడుగుతారు. ఏళ్ల తరబడి అలాగే రాస్తే, ఏమీ తెలియని మనిషికి విషయం మొదటినుంచీ చెప్పే అలవాటు పడదు. ప్రొఫెసర్‌కు వెళ్లే మెయిల్ చూడండి. సబ్జెక్ట్ ఖాళీ. లోపల ‘హాయ్ ప్రొఫెసర్, ఐ మిస్డ్ క్విజ్, ప్లీజ్ హెల్ప్’ అని ఒకే ముక్క. ఏ కోర్సు, ఏ క్విజ్, ఎందుకు రాయలేదు, ఇప్పుడేం కావాలి? ఏదీ లేదు. రెండు మూడు కోర్సులు చెప్పే మనిషికి అది ఎవరి గొడవో తెలిసేదెలా?

సబ్జెక్ట్‌లో కోర్సు నంబరు, సెక్షన్, క్విజ్ నంబరు ఉండాలి. మొదటి వాక్యంలోనే అడగదలచుకున్నది అడిగేయాలి. ఆ తర్వాత తేదీతో సహా కారణం, మేకప్ (తప్పిన క్విజ్ మళ్లీ రాయడం) గురించి, కోర్సు నియమాలుండే సిలబస్‌లో ఏముందో చూశామన్న మాట, చివర పూర్తి పేరు. ఐదు వాక్యాలు చాలు.

క్లాసు పనులు జరిగే వెబ్‌సైట్ కాన్వాస్‌లో పెట్టే డిస్కషన్ పోస్టుల్లోనూ ఇదే తంతు. ఏ వాక్యానికి ఆ వాక్యం సరిగ్గానే ఉంటుంది, ఒకదానికొకటి లంకె ఉండదు. ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ 2023 జూలైలో పాత వ్యాసం తీసేసి, తరగతి చర్చకు 10 నిమిషాల్లో కనీసం 100 పదాల జవాబు రాయమన్నది ఇలాంటి డిస్కషన్ పోస్టునే. సాధనకు అదే కొలత పెట్టుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఒక అభిప్రాయాన్ని, ఆ గ్రూపులో లేని మనిషికి అర్థమయ్యేలా ల్యాప్‌టాప్ మీద 100 పదాల్లో రాయాలి. పైకి చదివితే తెగిన చోటు చెవికే తెలుస్తుంది. ఇంగ్లిష్ ఆర్టికల్స్ ‘ఎ’, ‘ది’ లాంటివి తెలుగులో లేవు కాబట్టి ప్రతి నామవాచకం దగ్గరా ఆగి చూసుకోవాలి.

ముందే చాట్‌జీపీటీకి అప్పగిస్తే వాక్యాలు నునుపుగానే వస్తాయి. మనం చెప్పని కారణాన్ని మాత్రం అది కల్పించే ప్రమాదం ఉంది. ఆ మెయిల్‌కు సంజాయిషీ చెప్పుకోవలసింది విద్యార్థే.

ఆగస్టులో కొత్త పిల్లలకు బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్స్ గురించి చెప్పే తెలుగు సంఘాలు, అదే రోజు ఒక గంట కేటాయించి ప్రొఫెసర్‌కు రాసే మెయిల్ ఒకటి వాళ్ల చేతే రాయించి దిద్దాలి.