ఆగితే తప్పు, నడిస్తే ఒప్పు: చిన్నపిల్లలతో లాస్ వెగాస్

లిఫ్ట్ దిగగానే కాసినో. కాఫీ తాగాలన్నా, పిల్లకి పాలు తేవాలన్నా, పార్కింగ్‌లో ఉన్న కారు దగ్గరికి వెళ్లాలన్నా దాని మధ్యలోంచే. మా నాలుగేళ్ల చిన్నది ఒక స్లాట్ మెషీన్ ముందు ఆగిపోయింది. తెర మీద బంగారు నాణేలు జలజలా రాలుతున్నాయి, ఒక డ్రాగన్ నోరు తెరిచి మూస్తోంది. పిల్లల యూట్యూబ్ వీడియోకీ దానికీ తేడా నాకే పెద్దగా కనిపించలేదు, ఇక దానికేం తెలుస్తుంది? పది సెకన్లు గడిచాయో లేదో, సెక్యూరిటీ ఆయన వచ్చి చాలా మర్యాదగా, "సార్, పాపతో ఇక్కడ ఆగకండి, నడుస్తూ ఉండండి" అన్నాడు.

వెనక వస్తున్న అమ్మ "ఏమంటున్నాడ్రా?" అంది.

"పిల్లలతో ఇక్కడ నిలబడకూడదట."

"మరి దారి ఇటే కదా పెట్టారు?"

అమ్మ ప్రశ్నకు సగం జవాబు నెవాడా చట్టంలో ఉంది. 21 ఏళ్లు నిండనివాళ్లు జూదం ఆడకూడదు, ఆడే చోట తచ్చాడకూడదు. తిండికో, గదికో పోతూ ఆ చోటును దాటడానికి మాత్రం ఇబ్బంది లేదు. అంటే పిల్లలు నడిస్తే ఒప్పు, ఆగితే తప్పు. మిగతా సగం జవాబు వ్యాపారంలో ఉంది. పెద్దవాళ్లు ఏ పని మీద బయల్దేరినా మెషీన్ల మధ్యలోంచి నడిచేలా కట్టిన భవనాలవి. పిల్లల కోసం వేరే దారి వేస్తే ఆ దారిలో అమ్మానాన్నలు కూడా వెళ్లిపోతారు కదా.

అయినా మనం వెళ్తూనే ఉంటాం. ఊళ్లోంచి తల్లిదండ్రులు ఆరు నెలలకు వస్తే, వాళ్లకు చూపించాల్సిన జాబితాలో గ్రాండ్ కేన్యన్ ఉంటుంది, హూవర్ డ్యామ్ ఉంటుంది. రెండింటికీ వెళ్లడానికి దిగే ఊరు వెగాస్. ఉత్తరాదికి పోయే రైళ్లకు విజయవాడ ఎలాగో, అమెరికా పడమటి వైపు తిరిగే తెలుగు కుటుంబాలకు వెగాస్ అలాగ. ట్రంకులో రైస్ కుక్కర్, కూలర్ బాక్సులో పెరుగు, అల్యూమినియం ఫాయిల్‌లో పులిహోర. హోటల్ గదిలో ఫ్రిజ్ ఉంది కదా అని పెరుగు డబ్బా పెట్టబోతే, లోపలి సీసాలు కాస్త కదిలినా సెన్సర్ పట్టుకుని బిల్లు వేస్తుందని అప్పుడు తెలిసింది. రెండు రాత్రులూ పెరుగు ఐస్ బకెట్‌లోనే ఉంది.

పిల్లలకూ ఈ ఊరికీ సంబంధం కొత్తదేమీ కాదు. నెవాడాలో జూదం చట్టబద్ధమైంది 1931లో. 1968లో జే సార్నో అనే ఆయన సర్కస్ సర్కస్ తెరిచాడు. కింద జూదం బల్లలు, వాటి పైన గాల్లో ట్రపీజ్ విన్యాసాలు, పక్కన బంతులు విసిరి బొమ్మలు గెలిచే ఆటలు. హోటల్ గదులు ఆ తర్వాత నాలుగేళ్లకు గానీ రాలేదు. 1974లో చేతులు మారాక కొత్తవాళ్లు దాన్ని మధ్యతరగతి లెక్కల్లోకి దించారు: చవక గది, చవక బఫే, పిల్లలకు సర్కస్. పెద్ద సూట్‌కేసు నిండా డబ్బుతో వచ్చే ఒక్కడికంటే, స్టేషన్ వ్యాగన్‌లో దిగే వెయ్యి కుటుంబాలే నయమని వాళ్లు పట్టుకున్నారు.

ఆ లెక్క పారడంతో 1990ల్లో అందరూ అటే పరిగెత్తారు. 1990లో కోట ఆకారంలో ఎక్స్‌కాలిబర్. 1993 ఒక్క ఏడాదిలోనే పిరమిడ్‌లా లక్సర్, వాకిట్లో సముద్రపు దొంగల యుద్ధం ఆడించే ట్రెజర్ ఐలాండ్, డిసెంబర్‌లో ఐదు వేల గదుల ఎంజీఎం గ్రాండ్. ఈ చివరిదానికి వెనకాల సొంత థీమ్ పార్కు కూడా ఉండేది. దాని ముఖద్వారం తెరిచిన సింహం నోరు. సింహం నోట్లోకి నడిచి వెళ్లి జూదం ఆడటమేమిటని చైనా వాళ్లు, అంటే పెద్ద పందేల వాళ్లు, మొహం చాటేశారు. కొన్నేళ్లకే ఆ నోరు తీసేశారు. పిల్లల థీమ్ పార్కు కూడా పదేళ్లు నిండకుండానే మూతపడింది. ఆ నిర్మాణాల్లో ఎవరి మాట చెల్లిందో ఇక్కడే అర్థమవుతుంది.

1998లో బెల్లాజియో తెరిచినప్పుడు దాన్ని కట్టించిన స్టీవ్ విన్ ఇంకో అడుగు వేశాడు. హోటల్లో దిగినవాళ్ల పిల్లలు తప్ప 18 ఏళ్లలోపు వాళ్లెవరూ లోపలికి రాకూడదన్నాడు, స్ట్రోలర్లు, అంటే పిల్లల తోపుడు బండ్లు, వద్దన్నాడు. 2003లో ఊరి పర్యాటక సంస్థ "ఇక్కడ జరిగింది ఇక్కడే ఉంటుంది" అనే ప్రకటనతో దారి మార్చేసింది. అదే ఏడాది ట్రెజర్ ఐలాండ్‌లో సముద్రపు దొంగలు పోయి పొట్టి బట్టల మోహినులు వచ్చారు. ఫ్యామిలీ ప్రయోగం విఫలమైందని చాలామంది రాస్తారు. నా లెక్క వేరు. పిల్లలు వస్తే గదులు నిండుతాయి గానీ, పిల్లలున్న తండ్రి రాత్రి తొమ్మిదికి బల్ల దగ్గర్నుంచి లేచిపోతాడని వాళ్లకు తెలిసొచ్చింది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది: షోలు, భోజనాలు, షాపింగ్, గది అద్దెలు కలిపి స్ట్రిప్ మీద (పెద్ద కాసినోలు వరసగా ఉన్న రోడ్డు అది) జూదం కంటే ఎక్కువ రాబడి తేవడం మొదలైంది. ఇక ఎవరినీ ప్రత్యేకంగా పిలవక్కర్లేదు. ఎవరొచ్చినా ఏదో ఒక కౌంటర్ దగ్గర చెల్లిస్తారు.

కాబట్టి ఇప్పుడు ఉన్నది, పిల్లల్ని పిలవనూ పిలవని, పొమ్మననూ అనని ఊరు. ఉచితంగా చూసేవి ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. ట్రెజర్ ఐలాండ్ వాకిటి ఆట 2013లో ఆగిపోయింది. మిరాజ్ ముందు రాత్రుళ్లు నిప్పులు కక్కే అగ్నిపర్వతం 2024 జులైలో హోటల్‌తో పాటే చల్లారింది. 2016 నుంచి పార్కింగ్‌కు డబ్బులు మొదలయ్యాయి. రిసార్ట్ ఫీజు పేరుతో రాత్రికి 40, 50 డాలర్లు అదనంగా పడటం మామూలే. 2025 మే నుంచి కేంద్ర నిబంధన వచ్చి, ఆ ఫీజును మొదటే ధరలో కలిపి చూపిస్తున్నారు. చూపిస్తున్నారంతే, తగ్గించలేదు.

పిల్లల్ని తీసుకెళ్తున్నామంటే మనవాళ్లు మొదట భయపెట్టేది రోడ్డు మీది దృశ్యాల గురించి. ఈకల కిరీటాలు పెట్టుకుని ఫొటోలకు నిలబడే అమ్మాయిలు, చేతిలో మూడడుగుల గ్లాసుతో తూలేవాళ్లు. నన్నడిగితే ఆ టెన్షన్ దండగ. మా చిన్నది ఈకలమ్మాయిని చూసి "నెమలి" అని ముందుకు వెళ్లిపోయింది. ఎండ దానికంటే ప్రమాదం. 2024 జులై 7న ఈ ఊళ్లో 120 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 49 సెల్సియస్ నమోదైంది. మన రెంటచింతల వాళ్లు కూడా గొడుగు వెతుక్కోవాల్సిందే. సిగరెట్ పొగ సంగతి సరేసరి. 2006లో నెవాడా పొగ నిషేధ చట్టం తెచ్చింది గానీ కాసినో ఫ్లోర్లను అందులోంచి మినహాయించింది. ఆగకుండా నడవాల్సిన ఆ దారిలో పిల్లలు పీల్చేది ఆ పొగే. పొగ లేని కాసినోగా మారిన పార్క్ ఎంజీఎం లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఆర్కేడ్, అంటే పిల్లల మెషీన్ ఆటల గది.

ఎనిమిదేళ్ల మావాడికి 20 డాలర్లు వేసిన కార్డు ఇచ్చి అందులోకి పంపాను. కాసినోలోకి రానివ్వని వయసు కదా, ఇది వాడి హక్కు అనుకున్నాను. గీకితే ఆట మొదలవుతుంది, గెలిస్తే కార్డులో టికెట్లు పడతాయి. ఇరవై నిమిషాల్లో కార్డు ఖాళీ. వచ్చిన టికెట్లకు కౌంటర్లో ఒక ప్లాస్టిక్ సాలీడు ఉంగరం, రెండు చాక్లెట్లు ఇచ్చారు. వాడు బాధపడలేదు. కళ్లు మెరుస్తూ నా చొక్కా పట్టుకుని, "నాన్నా, ఇంకో ఇరవై వెయ్యి, ఆ పెద్ద కోతిబొమ్మ వచ్చేస్తుంది, ఇందాక జస్ట్ మిస్" అన్నాడు.

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. మా ఊరి క్లబ్బులో పేకాట ముందు నుంచి లేవని ఒక పెదనాన్న నోట. "పోయింది లాగేసి లేస్తానురా, ఒక్క ఆటే."

పెద్దవాళ్ల స్లాట్ మెషీన్‌కు నెవాడాలో ఒక నియమం ఉంది: వేసిన డబ్బులో, మొత్తం మీద, కనీసం 75 శాతం తిరిగిచ్చేలా ఉండాలి. కోతిబొమ్మను పట్టే ఆ ఇనుప గోళ్ల మెషీన్ మీద అలాంటి బోర్డేదీ నాకు కనబడలేదు. గోళ్లు ఎంత గట్టిగా పట్టాలో, ఎన్నిసార్లకు ఒకసారి పట్టాలో సెట్ చేసుకునే వీలు అలాంటి మెషీన్లలో ఉంటుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం తెచ్చినప్పుడూ, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కేంద్రం ఆపేసినప్పుడూ ఫ్యామిలీ గ్రూపులో గట్టిగా సమర్థించింది నేనే. కొడుకు చేతికి కార్డు ఇచ్చిందీ నేనే. 1968లో సార్నో జూదం బల్లల పక్కన పిల్లల ఆటలు పెట్టింది వాళ్లను దూరంగా ఉంచడానికని ఇప్పటిదాకా అనుకున్నాను. బహుశా పొరబడ్డాను.

ఇదంతా మనకు తెలియని విడ్డూరమనడం కూడా అబద్ధమే. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరి దగ్గర తండ్రి భుజం మీద పిల్లాడు కూర్చుని ఉంటాడు, పక్క టెంటులో గుండాట నడుస్తుంటుంది, ఆ పక్కన చెరకురసం. చట్టం వద్దంటుంది, ఊరు కానిస్తుంది. నాంపల్లి నుమాయిష్‌లో రింగులు విసిరి సబ్బుబిళ్ల గెలిచిన చెయ్యే నాది. కాకపోతే బరి ఆ మూడు రోజులే. కనుమ మర్నాడు అక్కడ మళ్లీ పొలమే ఉంటుంది. రింగులాయన మొహం మనకు కనిపిస్తుంది, బతిమాలితే ఇంకో రింగు ఇస్తాడు. ఇక్కడ ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ, గడియారం లేని గదిలో.

గడియారం అంటే గుర్తొచ్చింది. కాలిఫోర్నియా నుంచి కారులో వస్తే నెవాడా సరిహద్దు దాటగానే ప్రిమ్ అనే చిన్న చోటు. 1997 మేలో అక్కడి ఒక కాసినోలో, తెల్లవారుజామున, ఆర్కేడ్‌లో ఆడుకుంటున్న ఏడేళ్ల పాపను ఒక యువకుడు వెంటాడి బాత్‌రూమ్‌లో చంపేశాడు. ఆ వేళప్పుడు తండ్రి జూదంలో ఉన్నాడు. అంత పసిది ఆ సమయంలో అక్కడ ఎందుకుంది అని దేశమంతా అడిగింది. ఆర్కేడ్‌ను కాసినో పక్కనే, రాత్రంతా ఎందుకు తెరిచి ఉంచారని కూడా అడగాలి. వెగాస్‌లో ఆ రాత్రి మా పిల్లలు నిద్రపోయాక "ఒక్క గంట కిందకి వెళ్లొస్తా" అని మా ఆవిడతో అనబోయి ఆగిపోయాను. తర్వాత తెలిసిందేమిటంటే, అప్పటికే మా అమ్మ 20 డాలర్లు తీసుకెళ్లి డ్రాగన్ మెషీన్‌లో పోగొట్టి వచ్చింది. ఇంకెవరికీ చెప్పొద్దంది.

బాగున్నవీ ఉన్నాయి, అవన్నీ ఒక పగటికి సరిపోతాయి. బెల్లాజియో ఫౌంటెన్లు, లోపల పూల కన్జర్వేటరీ (స్ట్రోలర్ల గొడవ ఇప్పుడు లేదు), ఫ్లమింగో హోటల్ పెరట్లో నిజం ఫ్లమింగోలు, 550 అడుగుల హై రోలర్ చక్రం. డౌన్‌టౌన్‌లో పిల్లల మ్యూజియం ఉంది, స్ట్రిప్ మీద తిరిగేవాళ్లలో సగం మందికి దాని సంగతి తెలియదు. అరగంట కారులో పోతే రెడ్ రాక్ కొండలు.

మూడోరోజు డ్యామ్‌కి బయల్దేరాం. దారిలో, వెగాస్‌కు దాదాపు 40 కిలోమీటర్లలో, బౌల్డర్ సిటీ వస్తుంది. నెవాడా జూదానికి తలుపులు తీసిన ఆ 1931లోనే డ్యామ్ పనులు మొదలయ్యాయి. కూలీలు, ఇంజినీర్లు కుటుంబాలతో ఉండటానికి కేంద్ర ప్రభుత్వం కట్టిన ఊరిది, మన సాగర్ హిల్ కాలనీ లాంటిదనుకోండి. వేలమంది పనివాళ్ల జీతాలు వెగాస్‌లో ఆవిరి కాకూడదని ఆ ఊళ్లో జూదాన్నీ మద్యాన్నీ నిషేధించారు. తర్వాత మద్యం వచ్చింది, జూదం మాత్రం ఈనాటికీ లేదు. నెవాడాలో అలాంటి ఊళ్లు రెండే, రెండోది పనాకా. కుటుంబాలను నిజంగా కాపురం పెట్టించాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వం మొదట చేసిన పని స్లాట్ మెషీన్లను ఊరి బయట ఆపడం. 221 మీటర్ల డ్యామ్ కంటే నాకు ఇదే పెద్దదిగా అనిపించింది.

ఊళ్లో హెమెన్‌వే పార్కు దగ్గర కారు ఆపాం. కొండ మీంచి వంపు తిరిగిన కొమ్ముల అడవి గొర్రెలు పచ్చిక మేయడానికి దిగుతాయక్కడ. పదీ పన్నెండు ఉన్నాయి. చిన్నది చెట్టు నీడలో నిలబడిపోయింది. నడువు అని ఎవరూ అనలేదు. అమ్మ పులిహోర పొట్లం విప్పింది.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడు పిల్లలతో డిసెంబర్‌లో వెగాస్ ప్లాన్ చేస్తున్నాడు. స్ట్రిప్ మీద ఏ హోటల్ మంచిదని నిన్న ఫోన్‌లో అడిగాడు. బౌల్డర్ సిటీలో రూమ్ చూడమన్నాను.

"అక్కడేముంటుంది అన్నయ్యా?" అన్నాడు.

"గొర్రెలుంటాయి" అన్నాను.