యజమాని లేని కొలువులో వివక్షకు జవాబెవరు చెప్పాలి?

2014 జులైలో గ్వాలియర్‌లో ఒక మహిళా అదనపు జిల్లా జడ్జి ఉద్యోగానికి రాజీనామా చేశారు. కూతురు పన్నెండో తరగతిలో ఉంది, చదువు మధ్యలో ఊరు మారలేను, ఈ ఏడు గడిచేదాకా ఆగండి అని అడిగినా వినకుండా ఆమెను సీధీకి బదిలీ చేశారు. ఒక హైకోర్టు జడ్జి తనను వేధించారని ఆమె ఆరోపించారు. ఆ ఆరోపణ విచారణ కమిటీ ముందు రుజువు కాలేదు. రాజీనామా సంగతి మాత్రం మిగిలిపోయింది. అది ఇష్టపడి ఇచ్చిందా, గత్యంతరం లేక ఇచ్చిందా? ఏడున్నరేళ్ళు గడిచాక, 2022 ఫిబ్రవరి 10న, సుప్రీంకోర్టు అది స్వచ్ఛందంగా ఇచ్చిన రాజీనామా కాదని తేల్చి ఆమెను మళ్ళీ కొలువులోకి తీసుకోమంది. ఆ బెంచికి పెద్ద మన చీరాలకు చెందిన జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు. సర్వీసు కలిసింది గానీ, మధ్యలో పోయిన జీతం రాలేదు.

ఆమె తరఫున వాదించింది సుప్రీంకోర్టు సీనియర్ లాయరు ఇందిరా జైసింగ్. పేపర్లు దీన్ని వేధింపుల కేసుగానే రాశాయి. విప్పి చూస్తే ఇది అచ్చమైన సర్వీసు కేసు. బదిలీతో ఊపిరాడకుండా చేయడం, రాజీనామా చేసేదాకా తేవడం, ఆ తర్వాత ‘తనే వెళ్ళిపోయింది’ అనడం ఏ లేబర్ కోర్టులోనైనా రోజూ వినపడే కథే. ఇక్కడ యజమాని స్థానంలో ఉన్నది సాక్షాత్తూ హైకోర్టు, అంతే తేడా. జైసింగ్ వృత్తి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ కేసు మంచి గుమ్మం. కార్మికుల కేసుల్లో యజమానిని అడిగే ప్రశ్నల్ని తెచ్చి, అలాంటి ప్రశ్నలు ఎవరూ అడగని చోట అడగడమే ఆమె చేసిన పని అని నాకనిపిస్తుంది.

1940లో బొంబాయిలో ఒక సింధీ కుటుంబంలో పుట్టారామె. బెంగళూరులో చదివి, 1962లో బొంబాయి యూనివర్సిటీ నుంచి ఎల్ఎల్ఎం పట్టా తీసుకున్నారు. తొలినాళ్ళలో ఆమె ప్రాక్టీసు ఎక్కువగా కార్మిక చట్టంలోనే సాగింది. 1981లో భర్త ఆనంద్ గ్రోవర్‌తో కలిసి లాయర్స్ కలెక్టివ్ అనే సంస్థ పెట్టారు. అదే ఏడాది వానల్లో బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ళను ప్రభుత్వం తొలగించబోతే వాళ్ళ తరఫున సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అదే ఓల్గా టెల్లిస్ కేసు. వాళ్ళు అక్కడే ఎందుకు పడుకుంటున్నారు? పని ఆ దగ్గర్లో ఉంది కాబట్టి. పేవ్‌మెంటు తీసేస్తే కూలీ పోతుంది, కూలీ పోతే ప్రాణం పోతుంది. కార్మికుల కేసులు చూసిన లాయరుకు వెంటనే తట్టే వాదన ఇది. జీవించే హక్కులో బతుకుతెరువు హక్కు కూడా ఉందని 1985లో కోర్టు ఒప్పుకుంది. అయితే వానాకాలం వెళ్ళాక వాళ్ళను ఖాళీ చేయించుకోవచ్చని కూడా చెప్పింది. లా కాలేజీ నోట్సులో మొదటి సగమే ఉంటుంది, రెండోది ఉండదు.

ఆ తర్వాత జైసింగ్ వాదించిన రూపన్ దియోల్ బజాజ్ కేసు. పంజాబ్‌లో ఒక ఐఏఎస్ అధికారిణి ఆ రాష్ట్ర పోలీసు బాస్ కె.పి.ఎస్.గిల్ మీద పెట్టిన లైంగిక వేధింపుల ఫిర్యాదు అది. ఘటన 1988లో ఒక విందులో జరిగింది. హైకోర్టు కొట్టేసిన కేసును 1995లో సుప్రీంకోర్టు బతికించింది, మరుసటి ఏడాది శిక్ష పడింది. పనిచేసే చోట లైంగిక వేధింపులను గుర్తించిన విశాఖ తీర్పు 1997లో గానీ రాలేదు. అంతకు ముందే ఒక ఉద్యోగిని తన కేసును అంత పైదాకా లాక్కెళ్ళగలిగిందంటే దానికి ఆమె మొండితనంతో పాటు లాయరు మొండితనం కూడా కావాలి.

ఇక వృత్తిలో సమానత్వం సంగతికొస్తాను. అసలు ఈ వ్యాసం రాయాలనిపించింది దాని గురించే.

1986లో బొంబాయి హైకోర్టు జైసింగ్‌కు సీనియర్ అడ్వకేట్ హోదా ఇచ్చింది. అక్కడ ఆ హోదా పొందిన తొలి మహిళ ఆమె. ఆ హైకోర్టు పుట్టింది 1862లో. కోర్టు గుమ్మం తొక్కని పాఠకుల కోసం ఒక మాట: సీనియర్ అంటే వయసులో పెద్ద అని అర్థం కాదు. 1961 అడ్వకేట్స్ చట్టం 16వ సెక్షన్ కింద కోర్టే ఇచ్చే హోదా అది. గౌను మారుతుంది, ఫీజు మారుతుంది, జడ్జీలు వినే తీరూ మారుతుంది. క్లయింటు దగ్గర నేరుగా వకాలత్ తీసుకోకూడదు, వేరే లాయరు ఫైలు తెచ్చి చెప్పాలి. ఇంకోలా చెప్పాలంటే ఇది ప్రమోషన్. ఈ ప్రమోషన్ ఎవరికివ్వాలో చాలా ఏళ్ళపాటు జడ్జీలందరూ కూర్చుని, తరచూ రహస్య ఓటుతో తేల్చేవారు. ఎందుకు ఇచ్చారో, ఎందుకు ఇవ్వలేదో రాతలో ఉండేది కాదు.

ఒక కంపెనీ ఇలా ప్రమోషన్లు ఇస్తే జైసింగ్ లాంటి లాయరు ఏం చేస్తుంది? ఏ కొలమానం మీద ఇచ్చావో చూపించమని అడుగుతుంది. 2015లో ఆమె సరిగ్గా అదే ప్రశ్నతో సుప్రీంకోర్టు మీద సుప్రీంకోర్టులోనే పిటిషన్ వేశారు. ఆమెకు హోదా వచ్చి అప్పటికి 29 ఏళ్ళు. తనకు రావాల్సిందేమీ లేదు. 2009లో, కేంద్ర ప్రభుత్వం తరఫున వాదించే అదనపు సొలిసిటర్ జనరల్ పదవిలో దేశానికి తొలి మహిళ అయి, 2014 దాకా ఆ పదవిలో కూడా ఉన్నారు. అన్నీ అందుకున్నాక మెట్ల గురించి మాట్లాడటం సులువే కదా అనేవాళ్ళూ ఉన్నారు. అయితే మెట్టు ఎక్కనివాళ్ళు అదే మాట అడిగితే రానివాళ్ళ ఏడుపని కొట్టిపారేస్తారు. ఎక్కినవాళ్ళు అడిగితేనే ఆ ప్రశ్న నిలబడుతుంది.

2017 అక్టోబర్ 12న తీర్పు వచ్చింది. వంద మార్కుల పద్ధతి పెట్టారు. ప్రాక్టీసు చేసిన ఏళ్ళకు 20, వాదించిన కేసులు, ఉచితంగా చేసిన కేసుల లాంటి పనికి 40, పుస్తకాలకూ వ్యాసాలకూ 15, ఇంటర్వ్యూకు 25. పదిహేను మార్కుల కోసం లాయర్లు హడావిడిగా వ్యాసాలు అచ్చేయించుకోవడం మొదలయ్యాక 2023లో దాన్ని 5కు తగ్గించి, పనికి 50 చేశారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు 56 మందికి గౌను ఇస్తే అందులో 11 మంది మహిళలు. 34 మంది ఇంట్లో అంతకు ముందు లాయరే లేనివాళ్ళు. నా లెక్కలో ఈ రెండో అంకె మొదటిదానికన్నా పెద్ద వార్త. అయితే మార్కుల వల్లే ఇదంతా జరిగిందని నేను అనను. కాలమూ మారింది, చూసే కళ్ళూ మారాయి.

2025 మే 13న సుప్రీంకోర్టే ఆ మార్కుల్ని ఎత్తేసింది. కొన్ని నిమిషాల ఇంటర్వ్యూలో ఒక లాయరును తూచలేమని, ఇరవై ముప్పై ఏళ్ళు వాదించినవాళ్ళను కూర్చోబెట్టి ప్రశ్నలడగడం గౌరవంగా లేదని అభిప్రాయపడింది. ఆ మాటల్లో నిజముంది. జిల్లా కోర్టుల్లో వాదించేవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలని అదే తీర్పు చెప్పడం మంచిదే. కానీ కొలమానం బాగాలేదని కొలవడమే మానేస్తే లాభపడేది ఎవరు? జడ్జీలకు ముందే తెలిసిన ముఖాలు. ఎవరి ముఖాలు ముందే తెలుస్తాయో బార్‌లో, అంటే లాయర్ల మధ్య, జూనియర్‌గా ఏడాది చేసినవాళ్ళను అడిగితే చెబుతారు.

దీనికి మన రెండు రాష్ట్రాల్లోనే ఒక సాక్ష్యం ఉంది. 2022 మార్చిలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ చెప్పిన లెక్క ప్రకారం తెలంగాణ దిగువ కోర్టుల జడ్జీల్లో 52 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 45 శాతం మహిళలే. అంతకు కొన్ని నెలల ముందు, 2021 సెప్టెంబర్‌లో, దేశంలోని 17 లక్షల మంది లాయర్లలో మహిళలు 15 శాతమేనని, లాయర్ల వృత్తిని నియంత్రించే రాష్ట్ర బార్ కౌన్సిళ్ళకు ఎన్నికైనవాళ్ళలో 2 శాతమేనని కూడా ఆయనే చెప్పారు. ఆ కోర్టు హాళ్ళే, చదివింది ఆ పుస్తకాలే. జడ్జి కుర్చీలో సగం మంది ఆడవాళ్ళు, ఎదురుగా నిలబడి వాదించేవాళ్ళలో అంతమంది ఎందుకు లేరు? జడ్జి ఉద్యోగానికి నోటిఫికేషన్, రాత పరీక్ష, రిజర్వేషన్, నెల తిరిగేసరికి జీతం, ప్రసూతి సెలవు ఉంటాయి. మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ సాయపడింది నిజమే, కానీ 52 అనే అంకె ఆ మూడో వంతును ఎప్పుడో దాటిపోయింది. బార్‌లో ఇవేవీ లేవు. సీనియర్ ఆఫీసులో చోటు దొరకాలి, సాయంత్రం పొద్దుపోయేదాకా ఫైళ్ళు చూడాలి, వాయిదాలకు తిరగాలి. నెలాఖరున సీనియర్ చేతిలో పెట్టినంత తీసుకోవాలి. కొందరు ఏమీ పెట్టరు, పైగా ‘పని నేర్పుతున్నాం కదమ్మా’ అంటారు.

తొలి మూడేళ్ళూ ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాళ్ళే నిలుస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబర్‌లో మొదలైన లా నేస్తం పథకం కింద జూనియర్లకు నెలకు 5 వేలు ఇచ్చింది ఈ ఇబ్బంది తెలిసే. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నగరాల్లో 20 వేలు, పల్లెల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని సూచించింది. సూచించింది అంతే, ఇవ్వకపోతే అడిగేవాళ్ళు లేరు. ఈ లోపు 2025 మే 20న, సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలన్న పాత నిబంధనను సుప్రీంకోర్టు తిరిగి తెచ్చింది. అనుభవం లేని జడ్జి కుర్చీలో కూర్చోకూడదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆడపిల్లలు సగం దాటిన ఒకే ఒక్క దారికి అడ్డంగా, వాళ్ళు నిలవలేకపోతున్న ఆ మూడేళ్ళనే తెచ్చి పెట్టాం. లా పూర్తయ్యాక ‘ఇంకో మూడేళ్ళా, పెళ్ళి సంబంధాలు ఆపమంటావా’ అనే ఇళ్ళు మనకు తెలియనివి కావు.

ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి? ఇక్కడే అసలు చిక్కు. 2025 జులైలో బొంబాయి హైకోర్టు ఒక కేసులో, బార్ కౌన్సిల్‌కూ లాయర్లకూ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వాళ్ళకు వర్తించదని చెప్పింది. చట్టం అక్షరాల ప్రకారం అది తప్పు కాకపోవచ్చు. ఫలితం చూడండి. లాయరు ఆఫీసులో గుమస్తాగా పనిచేసే అమ్మాయి ఉద్యోగి, కాబట్టి ఆమెకు ఆ చట్టం ఉంది. పక్క కుర్చీలో నల్లకోటు వేసుకున్న అమ్మాయి విషయానికొస్తే, ఆమెకు యజమాని ఎవరన్న దగ్గరే కథ ఆగిపోతుంది.

జైసింగ్‌ను అందరూ మెచ్చుకోరు. లాయర్స్ కలెక్టివ్‌కు వచ్చిన విదేశీ విరాళాల మీద కేంద్రం అనుమతి రద్దు చేసింది, 2019లో సీబీఐ కేసు పెట్టింది. ఆ ఆరోపణలను జైసింగ్, గ్రోవర్ ఇద్దరూ తోసిపుచ్చారు. 2020 జనవరిలో నిర్భయ తల్లిని దోషులను క్షమించమని ఆమె కోరినప్పుడు జనం మండిపడ్డారు. ఉరిశిక్షను వ్యతిరేకించడం సిద్ధాంతం. కూతుర్ని పోగొట్టుకున్న తల్లికి అది చెప్పడం మాత్రం తొందరపాటని నేనూ అనుకున్నాను.

కులం సంగతిలో ఆమె పోరాటం కోర్టు బయటి సంస్థల మీదే ఎక్కువ సాగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరిలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తల్లి రాధిక, ముంబైలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి అబేదా కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కాలేజీల్లో కుల వివక్షకు పనిచేసే ఏర్పాటు కావాలని వాళ్ళు వేసిన పిటిషన్‌ను వాదిస్తున్నది జైసింగే. బార్ లోపలి కులం గురించి ఇంత గట్టిగా ఎవరూ కేసు నడపలేదు. 2018 నుంచి హైకోర్టుల్లో నియమించిన జడ్జీల్లో నాలుగింట మూడొంతుల మంది జనరల్ కేటగిరీ వాళ్ళని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. మన దళిత లాయరు బొజ్జా తారకం, దళితుల మీద జరిగిన కారంచేడు ఘటన తర్వాత నిరసనగా ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి బయటికొచ్చారు. అలాంటి పదవుల్లోకి ఆయన తర్వాత ఎంతమంది దళితులు వచ్చారో కోర్టు కారిడార్లలో తిరిగేవాళ్ళకు తెలుసు.

2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాష్ట్ర బార్ కౌన్సిళ్ళలో 30 శాతం స్థానాలు మహిళలకు ఉండాలని ఆదేశించింది. 20 శాతం ఎన్నికతో, మిగతా 10 శాతం నామినేషన్ లాంటి పద్ధతిలో నింపమంది. బార్ కౌన్సిల్ ఎన్నికలంటే తెలిసినవాళ్ళకు తెలుసు: కార్లు, విందులు, ఊరూరా కోర్టుల చుట్టూ తిరుగుళ్ళు. స్టైపెండ్ కూడా అందని జూనియర్ ఆ పోటీలో నిలబడేందుకు ఖర్చు ఎక్కణ్ణుంచి తేవాలో ఆ ఆదేశంలో లేదు.