ఉపాధి హామీ కూలీలను సోమరులను చేసిందా? ఆ మెసేజ్‌లో ఒక్కో మాటకూ జవాబు

నాట్ల సీజన్ వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఊరిని బట్టి మాటలు మారతాయి, సారం ఒకటే: "ఉపాధి హామీ వచ్చాక కూలోళ్లు సోమరిపోతులయ్యారు. చెట్టు కింద కూర్చున్నా డబ్బులు పడుతున్నాయి. పొలానికి పిలిస్తే రావట్లేదు. కూలి రేట్లు పెరిగి రైతు మునిగిపోయాడు. ఆ డబ్బులో సగం దొంగల పాలు, చేసిన పనులేమో గుంతలు తవ్వి పూడ్చడమే."

ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. దాని మీద జరిగిన గట్టి పరిశోధనల్లో ఒకటి మన జిల్లాల్లోనే జరిగింది. అందుకే ఈ మెసేజ్‌ను కళ్లు మూసుకుని ఫార్వర్డ్ చేయడం మనకు తగదు.

"సోమరిపోతులయ్యారు"

ముందు లెక్క చూడండి. 2005 చట్టం ఇచ్చిన 100 రోజుల హామీ మనిషికి కాదు, కుటుంబానికి. ఇంట్లో ముగ్గురు పనికి వెళ్తే ఆ వందే ముగ్గురికీ. దేశం మొత్తం మీద కుటుంబానికి సగటున అందింది ఏడాదికి 50 రోజులు, అటూ ఇటూగా. 2025-26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రోజు కూలి 307 రూపాయలు. పూర్తి రేటే పడిందనుకున్నా 50 రోజులకు 15,350. నెలకు పంచితే 1,280 రూపాయలు కూడా లేవు. ఆ డబ్బు చూసుకుని నలుగురున్న ఇల్లు మిగతా 315 రోజులు పని మానేస్తుందని ఎవరైనా ఎలా అనగలరు?

2019-20లో ఈ పనికి వచ్చిన కుటుంబాలు సుమారు 5.5 కోట్లు. లాక్‌డౌన్ పడిన 2020-21లో అవి 7.5 కోట్లు దాటాయి, పని దినాలు 265 కోట్ల నుంచి 389 కోట్లకు పెరిగాయి. పట్నాల్లో పనులు ఆగి వలస వెళ్లినవాళ్లు ఊరు చేరితే జరిగింది అది. తర్వాత బయట పనులు దొరికాయి, ఆ సంఖ్య మళ్లీ తగ్గింది. పని లేనప్పుడు వచ్చి, దొరకగానే వెళ్లిపోయేవాళ్లను సోమరులు అనరు.

"చెట్టు కింద కూర్చుంటే డబ్బులు"

మట్టి పనిలో డబ్బు పడేది హాజరును బట్టి కాదు, కొలతను బట్టి. చెరువు పూడికతీతే తీసుకోండి. గ్రూపుకు ఇంత జాగా అని ముగ్గు పోసి ఇస్తారు. తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మను ముట్టుకోకుండా వదిలేస్తారు, లోతు ఎంతో దాన్ని చూసి తెలుసుకోవడానికి. వారం చివర టెక్నికల్ అసిస్టెంట్ టేపు పట్టి పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఘనపు మీటర్లు కడతాడు. దాన్ని ఆ నేలకున్న రేటుతో గుణించి, మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఎవరికి ఎన్ని రోజులున్నాయో అలా పంచుతారు. తవ్వింది తక్కువైతే గ్రూపు మొత్తానికీ కూలి తగ్గుతుంది. కాబట్టి ఒకరు కూర్చుంటే పక్కవాళ్లే ఊరుకోరు.

తేడా ఎక్కువగా వచ్చేది నేల రకం దగ్గర. మెత్తనేలకు ఒక రేటు, గట్టినేలకు ఇంకో రేటు. ఏప్రిల్, మే నెలల్లో చెరువు అడుగు ఎండి రాయిలా ఉంటుంది, గడ్డపార దిగదు. అంచనాలో దాన్ని మెత్తనేల కింద రాసేస్తే ఒళ్లంతా హూనం చేసుకున్నా 307 రాదు. దీనికి తోడు రెండు పూటలా యాప్‌లో ఫోటో ఎక్కాలి. 2023 జనవరి నుంచి అది తప్పనిసరి. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే ఆ రోజు చేసిన పని పోయినట్టే. డబ్బు 15 రోజుల్లో పడాలి, ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. వెయ్యి రూపాయలకు అది రోజుకు అర్ధరూపాయి. నీడన కూర్చుని సంపాదించే డబ్బు ఇలా ఉండదు.

"పొలానికి పిలిస్తే రావట్లేదు"

మెసేజ్‌లో అసలు మాట ఇదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కూలీల కొరత లేదనడం నా ఉద్దేశం కాదు. అది ఎప్పుడు వస్తుంది, ఎందుకు వస్తుంది అన్నదే ప్రశ్న.

మన దగ్గర ఉపాధి పనులు ముమ్మరంగా సాగేది వేసవిలో. వానాకాలం నాట్లు జులై, ఆగస్టుల్లో. పత్తి తీత అక్టోబరు నుంచి. ఆ నెలల్లో చెరువుల్లో నీళ్లుంటాయి, మట్టి పని బాగా తగ్గిపోతుంది. నిజంగా రెండూ ఢీకొనే చోటు గుంటూరు, ఖమ్మం వైపు మిర్చి కోత. అది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది కాబట్టి అక్కడి రైతు బాధలో నిజముంది. అయితే ఒక పంటకు, ఒక ప్రాంతానికి వచ్చే ఇబ్బందిని ఏడాది మొత్తానికీ, రాష్ట్రం మొత్తానికీ అంటగట్టకూడదు. ఇంబెర్ట్, పాప్ అనే ఆర్థికవేత్తలు దేశవ్యాప్త సర్వే లెక్కలతో 2015లో ప్రచురించిన పరిశోధనలో, ప్రైవేటు కూలి 4.7 శాతం పెరిగింది వానలు లేని నెలల్లోనే. వానాకాలంలో చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు.

ఇంకో పరిశోధన కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్‌లది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010-12 మధ్య ఉపాధి కూలి చెల్లింపుకు వేలిముద్రతో డబ్బు తీసుకునే స్మార్ట్‌కార్డులు తెచ్చారు. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో ఏ మండలాలకు ముందు ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చి, 157 మండలాలను పోల్చి చూశారు. కార్డులొచ్చి పథకం సరిగ్గా నడిచిన మండలాల్లో పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో ఉపాధి పని నుంచి వచ్చింది చాలా తక్కువ. 86 శాతం బయటి పనుల నుంచే వచ్చింది. అక్కడ కూలి రేటుతో పాటు ప్రైవేటు పని దినాలు కూడా పెరిగాయి. కూలీలు పొలం పని మానేసి ఉంటే ఈ లెక్క తలకిందులయ్యేది.

రేటు పెరిగితే పని తగ్గాలి కదా అని అడుగుతారు. ఊళ్లో భూమి నాలుగైదు కుటుంబాల చేతిలో ఉంటే కూలి రేటు ఖరారు చేసేది వాళ్లే. ఆ రేటుకు ఇష్టమున్నవాళ్లు వస్తారు, మిగతావాళ్లు ఇంట్లోనో, మేకల వెంటో ఉండిపోతారు. ఇంకో చోట పని దొరుకుతుందన్న ధీమా కూలీకి వచ్చాక "ఇంతకు తక్కువైతే రాను" అనగలుగుతుంది. రేటు కదులుతుంది. ఆ రేటుకు ఇంతకుముందు రానివాళ్లు కూడా దిగుతారు. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలోనే పని దినాలు ఎక్కువ పెరిగాయని ఆ పరిశోధనలో తేలింది. రైతు "మనుషులు రావట్లేదు" అన్నప్పుడు "ఏ రేటుకు?" అని కూడా అడగాలి.

"రైతు మునిగిపోయాడు"

ఇందులో కొంత నిజం ఉంది, దాచనక్కర్లేదు. స్మార్ట్‌కార్డులొచ్చిన మండలాల్లో భూమి మీద వచ్చే రాబడి తగ్గింది. పదెకరాలు కూలీలతో చేయించే రైతుకు ఖర్చు పెరిగింది. కానీ రైతు అంటే ఆయనొక్కడే కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో సరిగ్గా ఒక హెక్టారు. ఎకరంన్నర ఉన్న కుటుంబం సొంత నాటు అయ్యాక ఇంకొకరి పొలానికి కూలికి పోతుంది, వేసవిలో జాబ్‌కార్డు పట్టుకుని చెరువు పనికి పోతుంది. ఆ ఇంటికి కూలి పెరగడమంటే ఆదాయం పెరగడమే. పెద్ద రైతుకు పడిన భారం తీరాల్సింది మద్దతు ధరలో, నాటు యంత్రాల అద్దెలో. ఎండలో వంగి కలుపు తీసే ఆడమనిషి కూలి కోసి ఆ లోటు పూడ్చాలనడం అన్యాయం.

"సగం దొంగల పాలు, పనులు దండగ"

దొంగతనం జరిగింది. స్మార్ట్‌కార్డులు లేని మండలాల్లో సుమారు 30 శాతం డబ్బు కూలీకి చేరలేదు. కార్డులొచ్చిన చోట ఆ నష్టం 41 శాతం తగ్గింది, డబ్బు కూడా త్వరగా అందింది. ఖజానా ఖర్చు పెరగకుండానే కూలీకి ఎక్కువ చేరిందన్నమాట. ఊరి ముందు రికార్డులు చదివే సామాజిక తనిఖీని రాష్ట్రమంతా నడిపింది కూడా మనమే. పనుల సంగతంటారా, మహారాష్ట్రలో 4,100 పైచిలుకు పనులను చూసొచ్చిన పరిశోధకులకు 87 శాతం పనులు ఉన్నచోటే ఉండి, వాడకంలో కనబడ్డాయి. నాలుగింట మూడు వంతులు సేద్యానికి అక్కరకొచ్చేవే.

ఈ మెసేజ్ ఫోన్లలోనే ఆగిపోయి ఉంటే ఇంత రాయనవసరం లేదు. పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పని దినాలను 125కు పెంచుతూనే, విత్తు, కోత సీజన్లలో మొత్తం 60 రోజులు పనులు ఆపేయాలంటోంది. కారణం ఇదే వాదన, పొలాలకు కూలీలు దొరకాలని. వానాకాలంలో ఉపాధి పని పొలం కూలీలను లాక్కోలేదని పైన చూశాం. మరి ఆ 60 రోజులు ఆపితే పోయేదేమిటి? కూలి బేరం గట్టిగా సాగేది నాటు రోజుల్లో. "లేదంటే అక్కడికి పోతా" అనే మాట కూలీకి బలమిచ్చేది అప్పుడే. పాత చట్టం కింద గ్రామసభ ఏటా అక్టోబరు 2 నుంచి తయారుచేసే లేబర్ బడ్జెట్‌లో, అంటే ఏడాది పనుల అంచనాలో, ఏ పని ఏ నెలలో పెట్టాలో ఊరే రాసుకునే వీలుండేది. మిర్చి ఊళ్లు ఫిబ్రవరి, మార్చి పనులను మే నెలకు జరుపుకోగలిగేవి. దానికి కొత్త నిషేధం అక్కర్లేదు.