వాన ఎంత పడిందన్నది అభిప్రాయం కాదు

ఖరీఫ్ చివరికొచ్చేసరికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కరువు మండలాల జాబితా మీద రగడ మొదలవుతుంది. పక్క మండలం పేరుంది, మా పేరెందుకు లేదని ఒకరు అడుగుతారు. నిబంధనల ప్రకారమే చేశామని ఇంకొకరు చెబుతారు. ఈ వాదనల్లో ఈమధ్య చదువుకున్నవారి నోట ఒక మాట తరచుగా వినిపిస్తోంది: ‘కరువు అనేది ఒక నిర్వచనం మాత్రమే. ఎవరి అవసరాన్ని బట్టి వారు నిర్వచించుకుంటారు. దాని వెనక విడిగా వాస్తవం అంటూ ఏదీ ఉండదు.’ వినడానికి లోతుగా ఉన్నా ఇది తప్పు. అందులోనూ బెట్టకు పంట పోయిన రైతుకు నష్టం చేసే తప్పు.

వారి వాదనలో బలం లేదనను. దశాబ్దాల సగటు వాన అయిన ‘సాధారణం’ కంటే 19 శాతం తక్కువ పడితే వాతావరణ శాఖ లెక్కలో అది ‘సాధారణ’ వర్షపాతమే, 20 శాతం తగ్గితే ‘లోటు’. ఈ గీత ప్రకృతి గీసింది కాదు. ‘సాధారణం’ కూడా కదులుతుంది. నైరుతి రుతుపవన కాలానికి దేశ సగటు 1951–2000 లెక్కన 89 సెంటీమీటర్లు, 1961–2010 లెక్కన 88, 1971–2020 లెక్కన 87. 2014, 2015లలో వరసగా రెండేళ్లు వానలు దెబ్బతీశాక, 2016లో వాతావరణ శాఖ దేశస్థాయి వర్గీకరణలో ‘కరువు’ అనే మాటనే పక్కన పెట్టి ‘లోటు సంవత్సరం’ అంది. ఒక మండలం సాధారణం 320 మిల్లీమీటర్లు, పడింది 250 అనుకుందాం. లోటు దాదాపు 22 శాతం. సాధారణాన్ని 305కి సవరిస్తే అదే లోటు 18 శాతానికి దిగి, మండలం ‘సాధారణం’లోకి వస్తుంది.

ఇంతవరకూ ఒప్పుకోవలసిందే. కానీ ఈ సవరణలో మారినదేమిటి? పేరు, శాతం. పడిన 250 మిల్లీమీటర్లలో ఒక్క చుక్క పెరగలేదు. సాధారణం మార్చి కరువును దాచారని ఎవరైనా నిలదీయాలంటే, పేరు మారినా మారనిది ఒకటి ఉండితీరాలి. నిర్వచనం వెనక ఏమీ లేదనేవారికి ‘దాచారు’ అనే హక్కే ఉండదు.

వాన కొలిచే రెయిన్ గేజ్ దగ్గరికి వెళితే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గేజ్ మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లయితే ఒక మిల్లీమీటరు వానకు సరిగ్గా 20 మిల్లీలీటర్ల నీరు చేరుతుంది. 100 చదరపు సెంటీమీటర్లయితే 10 మిల్లీలీటర్లే. దేనికి తగిన కొలగ్లాసు దానికి ఉంటుంది. 200 గేజ్ నీళ్లను 100 గేజ్ గ్లాసులో పోసి చదివితే 10 మిల్లీమీటర్ల వాన 20గా నమోదవుతుంది. అలా సీజనంతా సాగితే ఎండిపోయిన మండలం కాగితం మీద తడిసిపోతుంది. గేజ్‌ను మేడ మీద పెడితే గాలి సుడులకు చినుకులు పక్కకు పోయి లెక్క తగ్గుతుంది. చెట్టు కింద పెడితే కొమ్మలు అడ్డొస్తాయి. అందుకే చెట్టయినా గోడయినా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో గేజ్ ఉండాలంటారు. ఆటోమేటిక్ గేజ్ గరాటులో ఆకులో పక్షి రెట్టలో ఇరుక్కుంటే కుండపోతలోనూ సున్నా చూపిస్తుంది.

వీటన్నిటినీ మనం ‘తప్పు’ అంటున్నాం. దేన్నిబట్టి? రిజిస్టర్‌లో రాసిందే వాస్తవమైతే 20 రాసిన రోజున 20 పడినట్టే, తప్పు అనే మాటకే చోటుండదు. గేజ్ తప్పగలదంటే, గేజ్‌తో పని లేకుండా ఆ రోజు వానకంటూ ఒక పరిమాణం ఉందన్నమాట. కొలత మనం చేసేది. కొలవబడేది మన చేతిలో లేదు.

ఎవరూ కొలవని వాస్తవాలూ ఉన్నాయి. అనంతపురం ఎర్రనేలల్లో జులైలో వేసిన వేరుశనగకు నలభై, నలభై అయిదు రోజులకు ఊడలు (పూల నుంచి మట్టిలోకి దిగి కొసన కాయ ఊరే కాడలు) దిగుతాయి. పై రెండంగుళాల మట్టి గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, దిగినా కాయ ఊరదు. అప్పుడు మూడు వారాలు బెట్ట కొట్టి, సెప్టెంబర్ చివర రెండు రోజులు భారీగా కురిస్తే సీజన్ మొత్తం ‘సాధారణం’ అవుతుంది, చేతికి మాత్రం లొట్టలే వస్తాయి. కేంద్ర ప్రభుత్వ 2016 కరువు మాన్యువల్ బెట్టనూ లెక్కలోకి తెచ్చింది నిజమే: ఆ వారపు సాధారణ వానలో సగం కూడా లేకుండా వరసగా మూడు నాలుగు వారాలు గడిస్తే దాన్ని బెట్టగా గుర్తించాలంది. అయితే ఆ నిబంధన రాకముందు బెట్టకు ఎండిన ఊడలు ఎండలేదా? పేరు ఆలస్యంగా వచ్చింది, నష్టం ముందే జరిగింది.

రైతు ‘మఖ కార్తెలో ఒక పదును పడింది’ అంటాడు. కార్యాలయం ‘ఆగస్టు మూడో వారంలో ఇన్ని మిల్లీమీటర్లు’ అంటుంది. ఒకరికి కావలసింది నాగలికి, వేరుకు అందే తడి. మరొకరికి కావలసింది పట్టికలో నింపే అంకె. అవసరాలు వేరు, మాటలు వేరు, వాన ఒకటే. అందుకే ఒకరి మాటతో ఇంకొకరి మాటను సరిచూడగలుగుతున్నాం.

పంటల బీమాలో ఈ విషయం నేరుగా డబ్బుగా మారుతుంది. ఊరి దిగుబడి ఎంత పడిపోయిందన్న దాన్నిబట్టే పరిహారం. ఆ దిగుబడి తేల్చేందుకు వరిలో చేసే పంట కోత ప్రయోగానికి సర్వే నంబరును యాదృచ్ఛిక సంఖ్యతో ఎంచుతారు. చేను నైరుతి మూల నుంచి పొడవున, వెడల్పున ఎన్ని అడుగులు నడవాలో కూడా ఆ సంఖ్యలే చెబుతాయి. అక్కడ 5 మీటర్లు, 5 మీటర్ల గడి కట్టి, కోసి, నూర్చి, తూస్తారు. ఇంత తతంగం ఎందుకంటే కొలిచేవాడి ఇష్టాన్ని కొలత నుంచి తీసేయడానికే. ఆ గడి హెక్టారులో 400వ వంతు. తూకంలో ఒక కిలో తేడా వస్తే హెక్టారుకు 400 కిలోల తేడా. పలచబడిన చోటు వదిలి నాలుగడుగులు పక్కకు జరిగితే ఊరి దిగుబడి పెరిగి పరిహారం తగ్గుతుంది. ఎవరి లాభం కోసం జరిపినా మోసం మోసమే, ఎందుకంటే ఆ చేలో పండినది జరిపినవాడి ఇష్టంతో మారదు.

వాస్తవాలన్నీ వర్ణనలే అయితే గెలిచేది గట్టిగా వర్ణించగలవాడు. వాడి చేతిలో కార్యాలయం, పత్రిక, వకీలు ఉంటాయి. రెండెకరాల కౌలు రైతు చేతిలో ఉన్నది ఎండిన చేను ఒక్కటే. కాబట్టి నిర్వచనాల మీద పోట్లాటకు ముందు కొలతలు బయటికి రావాలి. ప్రతిరోజూ ఉదయం 8.30కి తీసిన వర్షపాతం రీడింగు, ఆ గేజ్ వైశాల్యం, వాడిన గ్లాసు రకం, చివరిసారి గరాటు శుభ్రం చేసిన తేదీ, పంట కోత గడి ఉన్న సర్వే నంబరు, వచ్చిన తూకం ఆ వారంలోనే పంచాయతీ గోడ మీద అతికించాలి. కరువు జాబితా ఆ తర్వాత రాయవచ్చు.